పాముల పెట్టెలో రంగు దీపాలు

పండుగనాడు ఇంటి ముందు రంగు దీపాల వరుసలు వేలాడదీయడం మనకు వేడుక. చేపల తొట్టిలో నీలం దీపం వెలిగించి చేపల కదలికలు చూడడం మరొక వేడుక. ఇటీవలి కాలంలో ఈ వేడుక పాముల పెట్టెకు కూడా పాకింది. ఆఫ్రికా నుండి వచ్చిన బాల్ పైతాన్ అనే చిన్న జాతి కొండచిలువను, అమెరికా నుండి వచ్చిన కార్న్ స్నేక్ అనే పామును అద్దాల పెట్టెలో ఉంచి పెంచేవారు పాశ్చాత్య దేశాలలో లక్షల సంఖ్యలో ఉన్నారు. మన దేశపు పెద్ద నగరాలలో కూడా ఈ అలవాటు కనిపిస్తున్నది. పెట్టె అంచుల వెంట ఎరుపు, నీలం, ఊదా రంగుల ఎల్.ఇ.డి. దీపాలు అమర్చితే రాత్రివేళ గది మూలలో అది ఒక చిత్రపటంవలె మెరుస్తుంది. చూచేవారి కన్నులకు పండుగే. మరి, ఆ దీపం కింద రాత్రింబవళ్ళు బ్రతకవలసిన ప్రాణి మాట ఏమిటి?

ఈ ప్రశ్న పాములు పెంచేవారికి మాత్రమే సంబంధించినది కాదు. కాంతి, ఉష్ణం, కన్ను, కాలచక్రం అని మనం వేరువేరు పాఠాలుగా చదువుకునే విషయాలన్నీ ఆ పెట్టెలో ఒకేచోట పనిచేస్తున్నవి. మనకు అలంకారమైన దీపం పాముకు మూడు విధాలుగా ముడిపడి ఉన్నది. అది వేడి, అది చూపు, అది గడియారం. ఈ మూడింటిని వరుసగా పరిశీలిద్దాము.

ముందుగా చట్టం మాట

పాములను పెంచుకొమ్మని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నాగుపాము, రక్తపింజరి, జెర్రిపోతు, కొండచిలువ వంటి మన దేశపు పాములను పట్టడం, అనుమతి లేకుండా ఇంట్లో ఉంచుకోవడం, అమ్మడం, చంపడం నేరాలు. ఇంటి ఆవరణలోకి పాము వస్తే అటవీశాఖకుగాని, జంటనగరాలలోనైతే 1995లో నమోదైన ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వంటి సంస్థకుగాని తెలియజేయవలెను. శిక్షణ పొందినవారు వచ్చి పామును పట్టి తగిన చోట వదలిపెడతారు.

విదేశీ జాతుల సంగతి వేరు. ఈ చట్టాన్ని 2022లో సవరించినప్పుడు అంతర్జాతీయ ఒడంబడిక పరిధిలోని విదేశీ ప్రాణులను కూడా ఇందులోకి తెచ్చారు. 2024లో వెలువడిన నియమాల ప్రకారం అటువంటి ప్రాణి దగ్గర ఉన్నవారు దాని వివరాలు ప్రభుత్వానికి తెలిపి నమోదు చేయించవలెను. బాల్ పైతాన్ ఈ కోవకు చెందినదే.

దీపం ఒక పొయ్యి

పాము శీతరక్త జంతువు. అంటే దాని రక్తం ఎల్లప్పుడు చల్లగా ఉంటుందని అర్థం కాదు. మనవలె శరీరంలోనే వేడి పుట్టించుకొని ఒకే ఉష్ణోగ్రతను నిలుపుకునే శక్తి దానికి లేదని అర్థం. వెచ్చదనం కావలసినప్పుడు ఎండపొడ చేరుతుంది. వేడి ఎక్కువైతే నీడకు, కలుగుకు పోతుంది. తిన్న ఎలుక అరగడానికి, రోగాన్ని తట్టుకోవడానికి, కుబుసం విడవడానికి ఈ రాకపోకలే ఆధారం.

అద్దాల పెట్టెలో ఎండ లేదు కనుక ఒక కొసను వెచ్చగా ఉంచి, రెండవ కొసను చల్లగా వదలుతారు. బాల్ పైతాన్‌కైతే వెచ్చని కొసన సుమారు 31, 32 డిగ్రీల సెంటిగ్రేడు, చల్లని కొసన 25 నుండి 27 డిగ్రీలు ఉంటే చాలును. పాము తనకు కావలసిన చోటికి తానే జరుగుతుంది.

ఇక్కడ మన ఊరి వాతావరణాన్ని గుర్తుంచుకోవాలి. పాముల పెంపకాన్ని గురించిన పుస్తకాలు చాలావరకు ఇంగ్లండు, జర్మనీ, అమెరికా వంటి చలిదేశాల నుండి వచ్చినవి. అక్కడ శీతకాలంలో వేడినిచ్చే దీపం లేకపోతే పాము బ్రతకదు. సికింద్రాబాదులో మే నెల పగటి ఉష్ణోగ్రత తరచుగా 40 డిగ్రీల దాపునకు వస్తుంది. 40 డిగ్రీల వేడిలో తప్పించుకునే చోటు లేకుండా చిక్కుకుంటే చాలా జాతుల పాములకు ప్రాణాపాయం. లండనులో ప్రాణం నిలిపే దీపమే సికింద్రాబాదు వేసవిలో ప్రాణం తీయగలదు. డిసెంబరు రాత్రులలో ఉష్ణోగ్రత 15 డిగ్రీల వరకు దిగుతుంది కనుక అప్పుడు మాత్రం కొంత వేడి అవసరం కావచ్చును. పుస్తకంలోని వాట్ల సంఖ్య చూచి బల్బు కొనడం కాదు, పెట్టెలోని థర్మామీటరును చూచి నిర్ణయించవలెను.

టంగ్‌స్టన్ తీగ గల పాతకాలపు బల్బులో మనం ఖర్చుచేసే విద్యుచ్ఛక్తిలో నూటికి సుమారు 5 వంతులు మాత్రమే వెలుగుగా మారుతుంది. మిగిలినదంతా వేడి. దానికి ఎర్ర గాజు, నీలి గాజు తొడిగితే వెలుగు రంగు మారి తగ్గుతుందేగాని వేడి అంతగా తగ్గదు. అందుచేత మసక వెలుగునిచ్చే రంగు బల్బు చల్లనిదని భ్రమపడరాదు. బల్బు పెట్టె లోపలే ఉండి, చుట్టూ వల లేకపోతే మరొక ప్రమాదం ఉన్నది. వెచ్చదనం కోసం పాము బల్బును చుట్టుకొని, కాలుతున్నా వెంటనే వదలకుండా ఉండిపోవచ్చును. పొట్టకింది పొలుసులు కాలిన పాములకు చికిత్స చేయడం పశువైద్యులకు తెలిసిన విషయమే.

ఎల్.ఇ.డి. దీపం తక్కువ వాట్లతోనే తగినంత వెలుగునిస్తుంది. పెట్టెను వేడెక్కించదు. కనుక అలంకారానికి అదే మేలని అనిపిస్తుంది. వేడి లెక్క ఒక్కటే అయితే ఆ మాట నిజమే. చూపు లెక్క ఇంకా మిగిలి ఉన్నది.

రెప్ప లేని కన్ను

పాము కంటికి రెప్ప లేదు. రెప్పకు బదులు అద్దంవంటి పారదర్శకమైన పొలుసు కన్నును ఎల్లప్పుడు కప్పి ఉంటుంది. కుబుసంతోపాటు ఆ పొలుసు కూడా ఊడివస్తుంది. విడిచిన కుబుసాన్ని జాగ్రత్తగా పరీక్షిస్తే తలభాగంలో రెండు చిన్న గుండ్రని పొరలు కనిపిస్తవి. అవే కంటి కప్పులు. కుబుసం విడవడానికి కొద్దిరోజుల ముందు కన్ను పాలనీలంగా మసకబారడం కూడా ఈ పొలుసు మూలంగానే.

దీని ఫలితం ఆలోచించండి. ఎదురుగా దీపం వెలిగితే మనం కన్ను మూసుకుంటాము. పాము మూసుకోలేదు. కంటిపాపను కొంత ముడుచుకోగలదు. లేదా శరీరపు చుట్టలలో తల దూర్చుకోగలదు. లేదా చీకటి మూలకు పోగలదు. పెట్టెలో చీకటి మూల అనేదే లేకపోతే దానికి వేరే గతి లేదు.

వెన్నెముక గల జంతువుల కంటి వెనుక పొరలో రెండు రకాల కణాలు ఉన్నవి. దండ కణాలు మసక వెలుగులో పనిచేస్తవి. శంకు కణాలు ఎక్కువ వెలుగులో పనిచేసి రంగుల భేదం తెలుపుతవి. బాల్ పైతాన్ కంటిని పరీక్షించి 1999లో ప్రకటించిన పరిశోధన ప్రకారం దాని కాంతిగ్రాహక కణాలలో నూటికి 90 వంతులు దండ కణాలే. అది రాత్రివేళ తిరిగే పాము కనుక ఇది సహజమే. ఆ దండ కణాలు 494 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల కాంతిని, అనగా నీలం కలిసిన ఆకుపచ్చ కాంతిని, అన్నిటికన్న బాగా గ్రహిస్తవి. శంకు కణాలు రెండు రకాలు. పెద్దవి 551 నానోమీటర్ల దగ్గర, చిన్నవి 360 నానోమీటర్ల దగ్గర అత్యధికంగా స్పందిస్తవి. ఈ చివరిది అతినీలలోహిత కాంతి. మన కంటికి అందదు.

ఎర్ర దీపం, నీలి దీపం

ఈ మూడు అంకెలు చేతికి వచ్చిన తరువాత అలంకార దీపాలను ఒక్కొక్కటిగా తూచి చూడవచ్చును.

అందుకు మనిషి కన్ను కొంత సాయపడుతుంది. మన దండ కణాలు 498 నానోమీటర్ల దగ్గర అత్యధికంగా స్పందిస్తవి. బాల్ పైతాన్ దండ కణాలకు ఇది చాలా దగ్గర. సాయంకాలం చీకటి పడుతుండగా మందారచెట్టు దగ్గర నిలబడి చూడండి. పగటివేళ నిప్పువలె మెరిసిన ఎర్ర పువ్వు నల్లబడిపోతుంది. పక్కనున్న పచ్చని ఆకులు మాత్రం ఇంకా తెల్లతెల్లగా కనిపిస్తూ ఉంటవి. వెలుగు తగ్గేకొద్దీ చూపు శంకు కణాల నుండి దండ కణాలకు మారడమే ఇందుకు కారణం. దండ కణాలకు నీలం, ఆకుపచ్చ చురుకుగా తోస్తవి. ఎరుపు దాదాపుగా తోచదు. 19వ శతాబ్ది తొలి భాగంలో దీనిని గమనించి రాసిన చెక్ శాస్త్రజ్ఞుడు పుర్కింజె పేరుమీదుగా దీనిని పుర్కింజె ప్రభావం అంటారు.

ఇప్పుడు పెట్టె దగ్గరకు వద్దాము. వెన్నెలవలె ఉంటుందని చెప్పి నీలి దీపాన్ని రాత్రిపూట వెలిగించేవారు ఉన్నారు. నీలి ఎల్.ఇ.డి. కాంతి సుమారు 460, 470 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. పాము దండ కణాలు బాగా గ్రహించే భాగానికి ఇది ఆనుకొని ఉన్నది. కనుక మనకు చల్లగా, మసకగా తోచే నీలి దీపం రాత్రికి అలవాటుపడిన పాము కంటికి గట్టి వెలుగు. పైగా అసలైన వెన్నెల ఎంత? నిండు పున్నమినాడు కూడా నేలమీద పడే వెన్నెల ఒక లక్సులో నాలుగవ వంతుకు మించదు. ఇంట్లో మామూలు దీపం వెలుగు దానికి వందల రెట్లు. ఆ కొద్ది వెన్నెలను కూడా కొన్ని పాములు పట్టించుకుంటవి. అమెరికాలోని ప్రెయిరీ గిలకపాములను పరీక్షించగా, పెద్ద పాములు వెన్నెల వెలుగులో తిరగడం తగ్గించినట్లు 1996లో వెల్లడైనది. వెలుగులో బయటపడితే శత్రువు కంట పడతామన్న జాగ్రత్త కావచ్చును.

ఎర్ర దీపాన్ని పాము చూడలేదని మరొక నమ్మకం. ఇది సగం నిజం. దండ కణాలకు ఎరుపు అందదు. 551 నానోమీటర్ల శంకు కణాలు మాత్రం ఎరుపు వైపు కాంతిని కొంతవరకు గ్రహిస్తవి. అందుచేత ఎర్ర దీపం నీలి దీపంకన్న మేలేగాని చీకటితో సమానం కాదు.

అన్నిటికన్న జాగ్రత్తపడవలసినది ఊదారంగులో మసకగా వెలుగుతూ తెల్లని వస్తువులను మెరిపించే అతినీలలోహిత అలంకార దీపం. మన కంటికి అది గుడ్డిదీపం. 360 నానోమీటర్ల శంకు కణాలు గల పాముకు అది కళ్ళు జిగేలుమనే దీపం కావచ్చును. అయితే పాములన్నిటి కన్నులు ఒకే తీరుగా లేవు. 2016లో ప్రకటితమైన పరిశోధనల ప్రకారం రాత్రివేళ తిరిగే చాలా పాముల కంటి కటకం అతినీలలోహిత కాంతిని లోనికి రానిస్తుంది. పగటివేళ వేటాడే పాములలో అది ఆ కాంతిని అడ్డుకుంటుంది. ఒక జాతికి నప్పిన దీపం మరొక జాతికి నప్పకపోవచ్చును.

వేడిని చూచే గుంటలు

కొండచిలువ పెదవుల పొలుసులలో చిన్న గుంటల వరుస ఉంటుంది. మన అడవులలోని కొండచిలువకు కూడా ఇవి ఉన్నవి. ఇవి ఎందుకో తెలుసుకోవడానికి 1937లో నోబుల్, ష్మిట్ అనే అమెరికా శాస్త్రజ్ఞులు చేసిన ప్రయోగంలో కూడా విద్యుత్ బల్బులే పనిముట్లు కావడం విశేషం. కళ్ళు కప్పిన పాముల ముందు గుడ్డ చుట్టిన వెచ్చని బల్బును, చల్లని బల్బును ఉంచారు. పాములు వెచ్చని బల్బునే కాటు వేసినవి. గుంటలు వేడిని, అనగా పరారుణ కిరణాలను, గ్రహిస్తవని ఆ విధంగా తేలింది.

ఆ గుంటలలోని నాడులలో పరారుణాన్ని పసిగట్టే ప్రోటీను ఏదో 2010లో తెలిసింది. దాని పేరు టి.ఆర్.పి.ఎ.1. మన శరీరంలో కూడా ఇటువంటి ప్రోటీనే ఉన్నది. ఆవపిండి ఘాటు ముక్కుకు ఎక్కినప్పుడు మన కళ్ళలో నీరు తిరగడానికి కారణం అదే! మనకు ఆవఘాటును తెలిపే సాధనాన్ని ప్రకృతి పాముకు ఎలుక ఒంటి వేడిని తెలిపే సాధనంగా మలచింది.

ఇటువంటి పాము పెట్టెలో వేడెక్కే బల్బులు అక్కడొకటి ఇక్కడొకటిగా అలంకరిస్తే ఏమవుతుంది? మనకు అవి రంగుల చుక్కలు. పాముకు అవి వెలిగే, వేడి చిమ్మే, అర్థంకాని ఆకారాలు. వేడినిచ్చే చోటు ఒకటే ఉండి, అది ఎప్పుడూ ఒకే చోట ఉంటే మంచిది.

రాత్రి కూడా ఒక అవసరం

ఇక మూడవ సంగతి గడియారం. వెన్నెముక గల జంతువులలో మెదడుకు చేరిన పీనియల్ గ్రంథి చీకటి పడినప్పుడు మెలటోనిన్ అనే రసాయనాన్ని విడుదల చేస్తుంది. వెలుగు దానిని అణచివేస్తుంది. పగలు ఏది, రాత్రి ఏది, రాత్రి పొడవు పెరుగుతున్నదా తగ్గుతున్నదా అనే సమాచారం శరీరానికి ఈ మార్గాన అందుతుంది.

సికింద్రాబాదు భూమధ్యరేఖకు ఉత్తరాన సుమారు పదిహేడున్నర డిగ్రీల అక్షాంశం మీద ఉన్నది. ఇక్కడ జూన్ నెలలోని అతి పొడవైన పగలు సుమారు 13 గంటల 10 నిమిషాలు. డిసెంబరులోని అతి చిన్న పగలు సుమారు 11 గంటల 5 నిమిషాలు. లండనులో ఈ అంకెలు సుమారు 16 గంటల 40 నిమిషాలు, 7 గంటల 50 నిమిషాలు. బాల్ పైతాన్ స్వస్థలమైన పశ్చిమ ఆఫ్రికాలోని ఘనా, టోగో, బెనిన్ దేశాలు భూమధ్యరేఖకు ఇంకా దగ్గర కనుక అక్కడ పగలు ఏడాది పొడవునా 12 గంటలకు కొంచెం అటూ ఇటూ. దీనినిబట్టి మనకు ఒక సులువు ఉన్నది. కిటికీనుండి వచ్చే మన ఊరి పగటి వెలుగే ఆ పాముకు చాలావరకు సరిపోతుంది. ఎండ మాత్రం నేరుగా అద్దాల పెట్టె మీద పడరాదు. పడితే పెట్టె కొలిమి అవుతుంది. రాత్రి దీపం ఆర్పివేయడం ఒక్కటే మనం చేయవలసిన పని. నడిరాత్రి వరకు రంగు దీపాలు వెలిగించి ఉంచితే ఆ పాముకు రాత్రి లేకుండా చేసినట్లే. పామును ఆందోళనకు గురిచేసి మేత మాన్పించే కారణాలు అనేకం ఉన్నవి. దాగడానికి చీకటి చోటు లేకపోవడం వాటిలో ఒకటి.

చూపరుల కోరిక, జంతువు అవసరం రెండూ ఒకేచోట తీరే ఉపాయం ఒకటి మన జంటనగరాలలోనే చూడవచ్చును. 1963 అక్టోబరులో ప్రజలకు తెరచిన హైదరాబాదు నెహ్రూ జంతుప్రదర్శనశాలలో రాత్రించర జంతువులకు ప్రత్యేకమైన శాల ఉన్నది. అక్కడ రాత్రివేళ దీపాలు వెలిగిస్తారు. పగటివేళ మసక చీకటిగా ఉంచుతారు. ఆ విధంగా జంతువులకు రాత్రిని పగటికి మార్చి ఇస్తారు. మనం పగలు వెళ్ళినప్పుడు అవి తమ రాత్రి పనులలో ఉంటవి. రోజుకొక చీకటి వాటికి దక్కుతూనే ఉన్నది. చోటు మారిందేగాని కొరత పడలేదు. జంతువుకు దీపం అమర్చడంలో గుర్తుంచుకోవలసిన సూత్రం ఇదే.

అలంకారం మానవలెనా?

పూర్తిగా మాననక్కరలేదు. దీపం పెట్టె లోపల కాక బయట, వెనుకవైపునో పైననో ఉండవచ్చును. రంగు మారుతూ, మినుకుమినుకుమనే దీపాలకన్న నిలకడగా వెలిగే తెల్లని మసక దీపం మేలు. అది పగటివేళ మాత్రమే వెలగవలెను. వెచ్చని కొసన ఒకటి, చల్లని కొసన ఒకటి, పాము చుట్టచుట్టుకొని ఇమిడిపోయేటట్లు రెండు చీకటి గూళ్ళు ఉండవలెను. వేడినిచ్చే సాధనానికి, ఉష్ణోగ్రత హద్దు దాటగానే విద్యుత్తును ఆపే థర్మోస్టాట్ తప్పనిసరి. ఈ ఏర్పాట్లన్నీ చేసిన తరువాత కూడా పాము ఎక్కువసేపు గూటిలోనే ఉండి మన కంటపడకపోవచ్చును. అది లోపం కాదు. అదే దాని స్వభావం.

తరగతిలో చేయదగిన ప్రయోగం

దీనికి పాము అక్కరలేదు. ఖాళీ చేపల తొట్టి ఒకటి, థర్మామీటర్లు రెండు, 60 వాట్ల తీగ బల్బు, 7 లేక 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బు, ఎరుపు, నీలం రంగుల పారదర్శక కాగితాలు చాలును. ఉపాధ్యాయుల పర్యవేక్షణలోనే చేయవలెను. వేడి బల్బును తాకరాదు.

తొట్టి రెండు కొసలలో థర్మామీటర్లను ఉంచి, ఒక కొసకు పైన 20 సెంటిమీటర్ల ఎత్తున తీగ బల్బును వేలాడదీయండి. 5 నిమిషాలకొకసారి, అరగంటపాటు రెండు ఉష్ణోగ్రతలను రాసుకోండి. తొట్టి చల్లారిన తరువాత ఎల్.ఇ.డి. బల్బుతో అదే పని చేయండి. మూడవసారి తీగ బల్బును 40 సెంటిమీటర్ల ఎత్తుకు జరపండి. బల్బు చిన్న బిందువై ఉంటే, దూరం రెట్టింపైనప్పుడు దాని కిరణాల తీవ్రత నాలుగవ వంతుకు తగ్గవలెనని విలోమ వర్గ నియమం చెపుతుంది. ఉష్ణోగ్రత పెరుగుదల కూడా సరిగా నాలుగవ వంతుకు తగ్గిందా? లేకపోతే తొట్టిలోని గాలి, అద్దపు గోడలు, బల్బు పరిమాణం ఇందులో ఏ పాత్ర వహించినవి? ఇది తరగతిలో చర్చించదగిన ప్రశ్న.

తరువాత మసక చీకటి గదిలో ఒక ఎర్ర పువ్వును, ఒక పచ్చని ఆకును పక్కపక్కన ఉంచండి. పది నిమిషాలు కళ్ళను చీకటికి అలవాటు చేసుకున్న తరువాత ఏది ఎక్కువ వెలుగుగా ఉన్నదో చెప్పండి. పిమ్మట చేతిదీపానికి ఎర్రకాగితం, నీలికాగితం మార్చి మార్చి చుట్టి వాటిని చూడండి. రాత్రించర జంతువు కంటికి రంగు దీపం ఎట్లా తోస్తుందో కొంతవరకు మీకే తెలుస్తుంది.

అద్దానికి ఇవతల నిలబడి చూచే మనకు దీపం ఇష్టం లేకపోతే ఆర్పుకుంటాము, లేదా గదినుండి వెళ్ళిపోతాము. అవతల ఉన్న ప్రాణికి రెప్ప లేదు, మీట అందదు, తలుపు తెరుచుకోదు. కనుక దీపం ఎంత అందంగా ఉన్నదని అడగడానికి ముందు, అది ఎంత వేడి, ఏ రంగు, ఎన్ని గంటలు అని అడగవలెను. ఈ మూడు ప్రశ్నలకు సమాధానం చెప్పగలిగినవారే ఆ పెట్టె మీద చేయివేయడానికి అర్హులు.